ముట్టుకోవద్దన్న కాగితం

ఆ ఇంట్లో ప్రింటర్‌కి దొరికే మర్యాద మామగారికి దొరకదు. ప్రింటర్‌కి హాల్లో మంచి బల్ల ఉంది, దుమ్ము పడకుండా మీద గుడ్డ ఉంది, ఎవరైనా దాని దగ్గరికి వెళ్తే కోడలు గదిలోంచే పసిగడుతుంది. మామగారికి ఒక పాత కుర్చీ ఉంది. మొన్నటిదాకా ఆ కుర్చీ ప్రింటర్‌కి ఎదురుగానే ఉండేది. గొడవయ్యాక ఆయనే దాన్ని లేపి, చుట్టూ తిప్పి, ప్రింటర్‌కి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టారు.

గొడవ ఇంకు గురించి. కోడలిది స్కూలు పుస్తకాల ప్రూఫులు దిద్దే పని, ఇంట్లోంచే చేస్తుంది. తెర మీద చదివితే తప్పులు కళ్ళుగప్పి పోతాయని ఆమె నమ్మకం, అందుకని ప్రతి పాఠం ప్రింటు తీసుకుని ఎర్ర కలం పట్టుకుంటుంది. ఆ కలం కాగితం దగ్గర ఆగితే బాగుండేది. చెప్పులు విడిచిన తీరు, గిన్నె మీద మూత పెట్టిన తీరు, అయిదేళ్ళ కూతురు చిట్టి జడ, మొగుడి మాట, అన్నీ దిద్దాల్సిందే. మొగుడు ఆమెకి 'దిద్దుబాటుగారు' అని పేరు పెట్టాడు. ఆమెకి వినిపించేలా మాత్రం ఎప్పుడూ పిలవలేదు.

మామగారి వ్యసనం, ఆధారాలు చదివి గళ్ళలో మాటలు నింపే నుడికట్టు. పేపర్లో వచ్చే చిన్న గళ్ళు ఆయన కళ్ళకి ఆనవు. అందుకని సాయంత్రం ఆమె పని అయ్యాక ఆమె గదిలోని కంప్యూటర్ ముందు కూర్చుని, పేపరువాళ్ళ సైటులోంచి అదే నుడికట్టుని పేజీ నిండా పెద్దది చేసి ప్రింటు కొట్టుకునేవారు. ఒక సాయంత్రం కొట్టారు, రాలేదు. ఇంకు అయిపోయిందని ఆయనకి తెలియదు. మీట సరిగా పడలేదేమోనని మళ్ళీ కొట్టారు. అలా పదకొండుసార్లు కొట్టి, ఇవాళ్టికి రాసిపెట్టి లేదనుకుని పడుకున్నారు. పొద్దున్నే ఆమె కొత్త ఇంకు పెట్టి తన పాఠాలు పంపితే, పాఠాలకి ముందు గళ్ళు రావడం మొదలైంది. అదే నుడికట్టు, ఒకదాని వెనక ఒకటి, ప్రతి కాగితం సగం నలుపే. మూడో కాగితం సగంలో ఉండగా ఆమె పరుగెత్తుకెళ్ళి కంప్యూటర్లోంచి ప్రింటర్‌ని ఆపేసింది.

"కొత్త ఇంకంతా మీ నల్ల గళ్ళే తాగేశాయి మామయ్యగారూ! నేను పని చేసుకోవాలా, వద్దా? ఇకమీదట దాని జోలికి వెళ్ళకండి. అందులోంచి వచ్చే కాగితం కూడా ముట్టుకోకండి."

"సరేనమ్మా," అన్నారాయన.

ఎదురు మాట అని ఉంటే ఆమెకి హాయిగా ఉండేది. సరేనన్న మనిషితో ఎంతసేపని పోట్లాడతాం? ఆ కోపంతో పాఠాలు తెర మీదే చదివి పంపించేసింది. మామగారు చెవిలో పెట్టుకునే మిషను తీసి ప్రింటర్ బల్ల మీద పడేశారు. ఇక ఈ ఇంట్లో వినాల్సిందేమీ లేదని దాని అర్థం. పేపర్లోని చిన్న గళ్ళ మీద భూతద్దం పెట్టుకుని, దాదాపు ముక్కుతో రాస్తున్నట్టు వంగి, ఒక్కో అక్షరం నింపుకుంటున్నారు.

ఇదీ ఇంట్లో పరిస్థితి. ఇక రెండు రోజుల తర్వాత ఒక పొద్దున ఏమైందంటే, తన పని గదిలోంచి బయటికి రాబోయిన కోడలి చేతిలోకి తలుపు పిడి ఊడి వచ్చింది.

మొదట నవ్వొచ్చింది. పిడిని కన్నంలో పెట్టబోతే, మధ్యలో ఉండే ఇనప ఊచ, దాంతోపాటు బయటి పిడి, జారి అవతల నేల మీద పడ్డాయి. నవ్వు అక్కడితో ఆగింది. కన్నంలో కత్తెర పెట్టి తిప్పింది. పెన్ను పెట్టి తిప్పింది. తలుపు కదల్లేదు.

"మామయ్యగారూ!" అని అరిచింది. తలుపు బాదింది. ఆ తలుపుకి లోపలి వైపంతా దళసరి స్పాంజి అతికించింది తనే, హాల్లో టీవీ మోత భరించలేక. కింద సందులోంచి కూడా శబ్దం రాకుండా రబ్బరు పట్టీ కొట్టించింది తనే. ఇప్పుడు గుద్దుతుంటే పరుపు దులిపినట్టుంది. కిటికీ ఒకటుంది, అది గాలి కోసం వదిలిన సందులోకి తెరుచుకుంటుంది. ఎదురుగా గోడ, పైన చేతిరుమాలంత ఆకాశం. అక్కడా అరిచింది. పక్కింటివాళ్ళూ, మొగుడూ పొద్దున్నే పనులకి పోతారు. ఫోను వంటింట్లో ఉంది. రాత్రి చార్జింగు పెట్టడం మర్చిపోతే చచ్చిపోయింది, ఇందాకే తగిలించింది. కంప్యూటర్‌కి నెట్టు ఆ ఫోనులోంచే రావాలి.

తెర మూలన గడియారం చూసింది. పదకొండు దాటింది. పన్నెండింటికి చిట్టి స్కూలు వ్యాను వీధి చివర, రోడ్డుకి అవతలి పక్క ఆగుతుంది. వ్యాను నడిపేవాడు కొత్తవాడు, పిల్ల దిగిందా లేదా అన్నదే చూస్తాడు, ఎవరు పట్టుకున్నారో చూడడు. నిన్న ఆమె ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళేసరికి చిట్టి ఒంటరిగా రోడ్డు అంచున నిలబడి, అటూ ఇటూ చూడకుండా అమ్మ వైపు చెయ్యి ఊపుతోంది. ఆ చెయ్యి గుర్తొచ్చి ఆమె గది నాలుగు మూలలా వెతికింది.

గోడకి కింద ఒక కన్నం ఉంది, ప్రింటర్ తీగ హాల్లోకి వెళ్ళడానికి వేయించింది. తీగని పక్కకి నొక్కి, నేల మీద పడుకుని, కన్నానికి కన్ను ఆనించింది. ప్రింటర్ పక్కవాటంగా కనిపించింది. దాని అవతల కుర్చీ చెయ్యి, దాని మీద మామగారి మోచెయ్యి. నాలుగు అడుగుల దూరం. కన్నంలోంచి గొంతు చించుకుని పిలిచింది. మోచెయ్యి పెన్సిలుతో పాటు మెల్లగా కదులుతూనే ఉంది.

అప్పుడు తట్టింది. తన గొంతు దాటలేని గోడని తీగ దాటుతోంది కదా!

'తలుపు తెరవండి. లోపల ఇరుక్కుపోయాను' అని టైపు చేసి ప్రింటు కొట్టింది. నిశ్శబ్దం. ఛీ, ప్రింటర్‌ని ఆపింది తనే కదా. పెండింగులో ఉన్నవాటి వరస తెరిచింది. తెర నిండా మామగారి నుడికట్లు, ఒకటే పేరుతో, ఒకదాని కింద ఒకటి. వాటి కింద తన పాఠాలు. అన్నిటికంటే అట్టడుగున తన మొర. రేషను వరసలో చిట్టచివర నిలబడ్డట్టు అనిపించింది ఆమెకి.

ఆపినదాన్ని మళ్ళీ నడవమంది. నడవలేదు. సగంలో ఆగిపోయిన ఆ మూడో నుడికట్టు వరసకి ముందు నిలబడి, తను కదలదు, వెనకవాటిని కదలనివ్వదు. దాని ఎదురుగా ఎర్రగా 'ఎర్రర్' అని ఉంది. దాన్ని తీసెయ్యమంది. 'డిలీటింగ్' అని పడింది. ఎంతసేపు చూసినా డిలీటింగే. ప్రింటర్‌ని బతిమాలింది, తిట్టింది, మళ్ళీ బతిమాలింది. మామగారు ఆ మీట పదకొండుసార్లు ఎందుకు నొక్కారో ఆ క్షణంలో ఆమెకి బాగా తెలిసింది, ఎందుకంటే తనూ నొక్కుతూనే ఉంది. ఇప్పుడు వరసలో తన మొరలే ఏడు.

ఇక లాభం లేదని మొండి మందు వేసింది. ప్రింటు పనులు చూసుకునే సర్వీసుని పూర్తిగా ఆపి, అవి దాచుకునే ఫోల్డరులోకి వెళ్ళి, ఉన్నవన్నీ ఊడ్చేసింది. నుడికట్లు పోయాయి, పాఠాలు పోయాయి, మొరలూ పోయాయి. సర్వీసు మళ్ళీ మొదలుపెట్టింది. వరస ఖాళీ. ఈసారి పెద్ద అక్షరాలతో కొట్టింది. గోడ అవతల ప్రింటర్ గుర్రుమని లేచింది. ఆమెకి దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

నేల మీదకి దూకి కన్నం దగ్గర పడుకుంది. కాగితం మెల్లగా బయటికి వచ్చి పళ్ళెంలో వాలింది. మోచెయ్యి కదల్లేదు. వీపు పెట్టి కూర్చున్న మనిషి ఎలా చూస్తాడు? ఇంకోటి కొట్టింది, ఇంకోటి, ఇంకోటి. పళ్ళెం నిండి ఒక కాగితం జారి నేల మీదకి, ఆయన కాలి దగ్గరికి పోయింది.

మోచెయ్యి ఆగింది. కుర్చీ కిర్రుమంది. చెప్పుల కాళ్ళు రెండు ప్రింటర్ దగ్గరికి వచ్చాయి.

"హమ్మయ్య," అంది ఆమె, కళ్ళు తడిసి.

మామగారు కింద పడ్డ కాగితాన్ని చేత్తో ముట్టుకోలేదు. చెప్పుతో మెల్లగా, మాసిపోకుండా, బల్ల కిందకి జరిపారు. పళ్ళెంలో మిగతావి ఎగిరిపోకుండా వాటి మీద భూతద్దం బరువు పెడదామా అన్నట్టు ఒకసారి వంగి, అది కూడా ముట్టుకోవడమే అవుతుందనుకున్నారేమో, ఊరుకున్నారు. మొహం అటు తిప్పుకునే ఉన్నారు. పరాయివాళ్ళ ఉత్తరం చదవకూడదన్న పెద్దమనిషి తరహా.

"అమ్మాయికి ఇవాళ పని ఎక్కువలా ఉంది," అని తనలో తాను గట్టిగా అనుకుని, వెళ్ళి కూర్చున్నారు. చెవిటివాళ్ళు తమలో తాము అనుకునేది ఊరంతా వింటుంది.

ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత పట్టుదలా? ముట్టుకోవద్దంటే మాత్రం చూడను కూడా చూడరా? అనుకుంటుండగానే సిగ్గేసింది. మాట అన్నది తను, మాట మీద నిలబడ్డది ఆయన. తప్పు పట్టడానికి ఎక్కడా సందు దొరకలేదు, తప్పులు పట్టడం వృత్తి అయినదానికి.

గడియారం పదకొండున్నర దాటింది. గదిలో గాలి చాలడం లేదనిపించింది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో బీరువాలో దూరి, ఎవరూ వెతకడానికి రాకపోతే పట్టిన చెమటలాంటి చెమట పట్టింది. కూర్చుని బుర్రకి పని చెప్పింది. ఆ ప్రింటర్‌లోంచి ఏ కాగితం వస్తే ఆయన తనది అనుకుంటారు? కళ్ళజోడు లేకపోయినా, ఓరకంట చూసినా, ఏది చూసి ఆగుతారు?

ఉన్న నుడికట్లన్నీ ఇందాకే తన చేత్తో ఊడ్చేసింది. తెద్దామంటే నెట్టు లేదు.

అందుకని తనే కట్టింది. ఖాళీ పేజీలో పట్టిక గీసి, గళ్ళు చేసి, అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా ధారాళంగా నలుపు నింపింది. ఎంత నలుపుంటే అంత దూరం కనిపిస్తుంది. కింద ఆధారాలు రాసింది.

అడ్డం ఒకటి: గదిలో ఇరుక్కుపోయి ఏడుస్తున్న మనిషి, మూడు అక్షరాలు. అడ్డం రెండు: ఆ గది తలుపుకి ఊడిపోయినది, రెండు అక్షరాలు. అడ్డం మూడు: అది ఇప్పుడు పడి ఉన్న చోటు, మీరు తీసి పెడితే తలుపు వస్తుంది, రెండు అక్షరాలు. నిలువు నాలుగు: పన్నెండింటికి వ్యాను దిగి రోడ్డు మీద ఒంటరిగా నిలబడేది, రెండు అక్షరాలు.

అయిదో ఆధారం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. చిట్టిని తీసుకురావడం ఒకప్పుడు మామగారి పనే. ఆయనకి హారను వినపడక ఒక స్కూటరు ఆయన చొక్కాని రాసుకుంటూ పోయిన రోజు నుంచి ఆమె మాన్పించేసింది. ఆ రోజు కూడా ఆయన సరేనమ్మా అన్నారు. ఇప్పుడు తలుపు తీసేసరికి ఆలస్యమైతే? పిడి సరిగా పట్టకపోతే? ఆయన్ని పంపడం భయం. పంపకపోవడం అంతకంటే భయం. రెండు భయాల మధ్య నలిగి, పళ్ళు బిగించి రాసింది. నిలువు అయిదు: అమ్మ రాలేకపోతే ఆ పిల్లని తీసుకురావాల్సినవారు, మూడు అక్షరాలు.

ప్రింటు కొట్టింది. 'ఇంకు తక్కువగా ఉంది, కొనసాగించాలా?' అని అడిగింది కంప్యూటర్.

"తాగనీ, అంతా తాగనీ," అంటూ నొక్కింది.

ఆ కాగితం బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో! నలుపు గీత గీతగా దిగింది. దిగి, నిండిన పళ్ళెం మీదుగా జారి, సరాసరి కుర్చీ పక్కకి పోయి పడింది. మోచెయ్యి ఆగింది. తల కొంచెం వంగింది. గళ్ళు కనిపించాయి. చెయ్యి కిందకి దిగింది, కాగితం అంచు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, తీసుకుంది.

"అరె, మా అమ్మాయి కొట్టిపెట్టిందే!" అన్నారు మామగారు. ఆ గొంతులో సంబరానికి ఆమె కళ్ళు మూసుకుంది.

తెరిచి చూసేసరికి ఆయన పెన్సిలు చెక్కుకుంటున్నారు.

అవును మరి, నుడికట్టు అంటే నింపడానికి కదా! ఆధారాలన్నీ ముందే చదివేయడం ఆయన దృష్టిలో మోసం. ఒక్కోటి చదవాలి, గడి నింపాలి, తర్వాతదానికి వెళ్ళాలి. భూతద్దం తెచ్చుకున్నారు. అడ్డం ఒకటి చదివారు. కాసేపు ఆలోచించారు. "ఖైదీ అంటే రెండే వస్తున్నాయే," అన్నారు. నేల మీద పడుకున్న ఖైదీ గోడని పిడికిలితో గుద్దింది. దాన్ని వదిలేసి రెండోదానికి వెళ్ళారు. "తలుపుకి ఊడేది... పిడి. బాగుంది." రాశారు. మూడోది, "నేల," రాశారు. నాలుగోది చదువుతూ చదువుతూ గొంతు నెమ్మదించింది.

"చిట్టి," అన్నారు. పెన్సిలు గడిలో దిగలేదు.

అయిదోది పైకి చదవలేదు. తర్వాత మోచెయ్యి మాయమైంది. బల్ల దగ్గరికి ఒక చెయ్యి వచ్చి చెవి మిషను తీసుకుంది. అడుగులు తలుపు వైపు వచ్చాయి, ఆగాయి. ఆమె లేచి నిలబడి పిడి కన్నం దగ్గర చెవి పెట్టింది. అవతల ఊపిరి వినిపించేంత దగ్గరగా ఉన్నారాయన.

"మామయ్యగారూ, పిడి కిందే ఉంది! ఊచ లోపలికి తోసి తిప్పండి!"

అడుగులు వెనక్కి తిరిగాయి. వీధి తలుపు తెరుచుకుని, మూసుకుంది.

ఆమె అలాగే నిలబడిపోయింది. ఇల్లు మొత్తం ఖాళీ. లోపల తను, బయట రోడ్డు, ఆ రోడ్డు మీద ఆయన. ఇక కన్నంలోంచి చూడ్డానికి కూడా ఏమీ లేదు. గడియారం పన్నెండైంది. పన్నెండూ అయిదు. వీధి చివరకి వెళ్ళిరావడానికి అంతసేపు పట్టదు. సందులోంచి దూరంగా హారను మోగితే ప్రాణం పోయినంత పనైంది. ఎవరో గట్టిగా అరిచినట్టనిపించి కిటికీ దగ్గరికి పరుగెత్తింది, తర్వాత అది కూరగాయల బండివాడి కేక అని తెలిసింది. తలుపుని భుజంతో తోసింది, కాలితో తన్నింది. స్పాంజి గోళ్ళతో పీకింది. అయిదో ఆధారం ఎందుకు రాశానా అని తిట్టుకుంది. రాయకపోతే ఏమయ్యేదో తలుచుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. రెండూ మార్చి మార్చి చేసింది. చివరికి చెయ్యడానికి ఏమీ మిగలక నేల మీద కూలబడింది.

వీధి తలుపు చప్పుడు. చిట్టి గొంతు. తర్వాత పిడి కన్నంలో ఇనుము గీరుకున్న చప్పుడు. ఒకసారి జారింది, మళ్ళీ పెట్టారు, తిప్పారు. తలుపు తెరుచుకుంది.

చిట్టి సంచీతో సహా వచ్చి మీద పడింది. ఆమె పిల్ల చేతులు, కాళ్ళు, మొహం తడిమి చూసుకుంది. మామగారు గడప అవతలే నిలబడ్డారు, చొక్కా చెమటకి తడిసి ముద్దై ఉంది.

"ఇంతసేపేంటే?"

"తాతయ్య దాటనివ్వడేం! ఆ చివర ఎక్కడో బండి కనిపించినా ఆగమంటాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, మళ్ళీ అటు చూస్తాడు. ఒక్కటంటే ఒక్క బండి కూడా లేకుండా అయ్యాక దాటాం. నా కాళ్ళు నొప్పి పుట్టాయి."

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. కృతజ్ఞత చెప్పాలనే అనుకుంది. అలవాటు కదా, నోట్లోంచి తప్పు పట్టడమే వచ్చింది.

"ముందు ఈ తలుపు తియ్యచ్చుగా మామయ్యగారూ? పిడి ఎక్కడుందో రాశాను. ఇక్కడిదాకా వచ్చారు కూడా. నేను లోపల చచ్చి బతికాను."

"చదివానమ్మా. పిడి చేత్తో కూడా పట్టుకున్నాను." ఆయన తప్పు ఒప్పుకుంటున్న పిల్లాడిలా కాక, లెక్క అడుగుతున్న పెద్దవాడిలా చూశారు. "తీస్తే నన్ను వెళ్ళనిచ్చేదానివా?"

చిట్టి అమ్మ మొహంలోకి, తాత మొహంలోకి చూసింది. బూట్లు విప్పుకోవడానికి హాల్లోకి పోయింది.

ఆమె గంటసేపు ఆ గదిలో ఉంది. ఎవరో వచ్చి తలుపు తీస్తే తప్ప కదలలేని బతుకు ఎలా ఉంటుందో ఒక్క గంటలో ఒంటికి పట్టింది. ఈయనకి అది ఎన్నాళ్ళుగానో ఉంది, తాళంచెవి తన దగ్గరుంది. ఆ సంగతి తెలిశాక అబద్ధం ఆడడం ఆమె వల్ల కాలేదు.

"వెళ్ళనిచ్చేదాన్ని కాదు," అంది. ఆ మాటతో పాటు ఏడుపు కూడా వచ్చేసింది.

మామగారు తల ఊపారు. కోపం లేదు, గెలుపు లేదు. బయటి పిడి ఇంకా వదులుగా ఊగుతోంటే చేత్తో పట్టుకుని, "వడ్రంగిని పిలవాలమ్మా, లేకపోతే మళ్ళీ ఊడుతుంది," అని తిరిగి తన కుర్చీ వైపు నడిచారు.

"మామయ్యగారూ," అని పిలిచింది. ఆయన ఆగారు. చెవికి మిషను ఉంది, వినిపించింది.

రోడ్డు కళ్ళముందు మెదిలింది. ఆ స్కూటరు, ఆ చొక్కా, చిట్టి చెయ్యి. భయం అలాగే ఉంది. అది తగ్గేదాకా ఆగితే ఆ మాట ఎప్పటికీ బయటికి రాదని ఆమెకి తెలుసు.

"రేపు పిడి ఊడకపోయినా మీరే వెళ్ళండి."